ఒంటికన్ను తెరచాప

అది ఏనుగుల వరద వచ్చిన మూడో ఏడు.

కంకణదుర్గంలో ఏళ్ళని అలాగే లెక్కపెడతారు. వెల్లేరు పొంగి, కోటగోడ దాటి, రాజుగారి ఏనుగుల సాలలోకి చొరబడి, గొలుసులతో సహా ఏనుగుల్ని తీసుకుపోయింది. ఆ తరవాత పుట్టిన పిల్లల వయసైనా, జరిగిన పెళ్ళయినా దాన్నిబట్టే చెబుతారు.

వరదకు ముందు ఆ ఒక్క ఊళ్ళో రెండు ఊళ్ళుండేవి. పైన కోట, కింద పడవవాళ్ళ రేవు. కోట బావి దగ్గరికి రేవువాళ్ళు రాకూడదు. రేవువాళ్ళ చేతి నీళ్ళు కోటవాళ్ళు తాగకూడదు. వరదలో కోటవాళ్ళని మేడల మీదనుంచి దింపినవి రేవువాళ్ళ పడవలే. ఏనుగుల సాల కప్పు మీద ఒక్క గంగాళంలో గంజి కాచుకుని అందరూ తాగారు. నీళ్ళు తీశాక కొందరు మళ్ళీ పాత గీత గీయబోయారు. అది నిలవలేదు. విశాలకీర్తి మహారాజు కూడా ఆ గంజి తాగినవాడే మరి.

ఇదంతా ఆస్థాన చిత్రకారుడు మాచనకి ఇష్టం లేదని కాదు. అతనికి గిట్టనిది ఒక్క మనిషి. నూకాలి.

మాచన వేసిన పట్టుపటం కోట సింహద్వారం మీద వేలాడేది. అద్భుతమైన పటం. బంగారు రేకు అద్దిన కిరీటాలు, చిలకపచ్చ పావడాలు, పగడపు పెదవులు, జలజల రాలిపోతాయా అనిపించే ముత్యాల చేరులు. వెనక నెమలి కంఠం రంగులో ఆకాశం. అందులో ఒక్క మబ్బు లేదు. ముఖాలన్నీ మాత్రం ఒకటే. కోట చిత్రకారుల పద్ధతి అది. మనిషిని బట్టని బట్టి, నగని బట్టి గుర్తుపట్టాలి. కిరీటముంటే రాజు, కుచ్చుల తలపాగా ఉంటే మంత్రి, మోకాళ్ళ పైకి కట్టిన నల్లంచు కోక ఉంటే పడవమనిషి. ముఖం చూసే పని లేదు.

నూకాలి రేవు పిల్ల. ఆమెకు కుంచె పట్టడం ఎవరూ నేర్పలేదు. వరదలో చిరిగిన పెద్ద తెరచాప ఒకటి దొరికితే కుట్టుకుని, దాని మీద దీపపు మసితో, ఎర్రమట్టితో, పసుపుతో, ఆకు పసరుతో ఆ వరదనంతా వేసింది. సుడులు తిరిగే నీళ్ళు, ఆ నీళ్ళలో తొండాలెత్తిన ఏనుగులు. కప్పు మీద గంగాళం చుట్టూ జనం. చేపల ముసలాణ్ణి భుజాన మోస్తున్న సేనాపతి. ఒకే తిరగలికి చెరోవైపు కూర్చుని పిండి విసురుతున్న మంత్రి భార్య, వలలల్లేదాని కూతురు. కూలిన కోటగోడ రాళ్ళతో రేవులో ఇళ్ళు కడుతున్న మనుషులు. ఎవరి ముఖం వాళ్ళదే.

రాజు చూశాడు. గంగజాతర నాడు పట్టుపటం దించి ఆ తెరచాప ఎక్కించమన్నాడు.

ఆ మాట విన్న పొద్దున మాచన సింహద్వారం కిందనుంచి పోతుంటే ద్వారపాలకుడు కేకేశాడు.

"మాచనగారూ! దించేటప్పుడు నిచ్చెన మీరే పట్టుకుంటారా, మమ్మల్ని పట్టమంటారా?"

మాచన తిన్నగా రేవుకి దిగాడు.

అక్కడ తిరనాళ్ళలా ఉంది. రెండు కొయ్యల మధ్య తెరచాప కట్టి ఉంది. దాని ముందు జనం తోసుకుంటున్నారు. ఒక ముసలాయన బొమ్మ దగ్గరికంటా పోయి, "ఇది నేనే! ఒరే, నా వంకరకాలు కూడా ఏసేసిందిరా!" అని గంతులేస్తున్నాడు. మాచన పటం ముందు నిలబడి ఏనాడూ ఎవరూ ఇది నేనే అనలేదు. అతని కడుపులో నిప్పు పడింది.

నూకాలి పడవ అంచున కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"రావయ్యా మాచనయ్యా! కోటంతా దిగొచ్చింది, నువ్వొక్కడివే రాలేదేటా అని సూత్తన్నాను."

"చేతులు తెడ్లలా ఉన్నాయి" అన్నాడు మాచన.

"తెడ్డేసే సెయ్యి తెడ్డులాగే ఉంటాది. నీ బొమ్మల సేతులు తమలపాకుల్లాగుంటాయి. ఆటితో గంజి కలపమను, సూద్దాం!"

జనం ఘొల్లున నవ్వారు.

"కళ్ళేవీ? ఒక్కరికీ కళ్ళు లేవు."

నూకాలి కాళ్ళు ఊపడం ఆపింది. ఆ దేశంలో బొమ్మకి కళ్ళు అన్నిటికన్నా చివర వేస్తారు. దాన్ని చూపు పెట్టడం అంటారు. చూపు పెట్టిన బొమ్మకీ, ఆ మనిషికీ ముడి పడుతుంది. అందుకని ఆ పని తెలిసినవాళ్ళే చెయ్యాలి. తండ్రి తలుపులు మూసి కొడుక్కి చెబుతాడు. ఇంటి కోడలికి కూడా తెలియనివ్వరు.

"ఆ ఇద్య మా రేవులో ఎవరికీ రాదు" అంది నూకాలి. "నీది మంచి సెయ్యంట. జాతర లోపల పెట్టిపెడతావా? అడగాలనే ఉన్నాను."

"పడవ గుడ్డకి నేను చూపు పెట్టాలా?"

"పట్టుగుడ్డకి పెట్టావుగా. అందులో ఎవరున్నారు గనక? నగలకే పెట్టినోడివి, మనుషులకి పెట్టలేవా?"

మళ్ళీ నవ్వులు. మాచన వెనక్కి తిరిగాడు. ఇంటికి పోలేదు.

వెల్లేటి నడుమ కాకిలంక ఉంది. అక్కడ ధూమకర్ణుడనే మాంత్రికుడున్నాడు. ఆ సంగతి కోటలో అందరికీ తెలుసు. అటు ఎవరూ పోరు. మాచన అరటిబోదెలు తెప్పగా కట్టుకుని, నీళ్ళలో పడి, చేతులతో తోసుకుంటూ పోయాడు.

లంక చుట్టూ సుడిగుండం గిర్రున తిరుగుతోంది. దాని అంచున మానుల్లా తేలుతున్న మొసళ్ళు మనిషి వాసనకి తలలెత్తాయి. ఒకటి నోరు తెరిచి తెప్ప కొస కొరికింది. మాచన నడుముకున్న లక్కరంగు మూట విప్పి దూరంగా విసిరాడు. ఆ చోట నీళ్ళు ఎర్రబడ్డాయి. నెత్తురనుకుని మొసళ్ళన్నీ అటు ఉరికాయి. వాటి తోకల తోపుకి తెప్ప సుడిని దాటి ఎగిరి ఒడ్డున పడి రెండు ముక్కలైంది.

లంక నిండా నల్లరాయి. రాళ్ళ మీద కాకులు. నడిమిన గుహ. గుహ గోడలు తేనెరంగు స్ఫటికాలతో తళతళలాడుతున్నాయి. పైకప్పు నుంచి జాలువారిన రాతిధారలు మంచుముత్యాలు గుచ్చిన దండల్లా ఉన్నాయి. ఆ గోడల పొడుగునా అరలు, అరల నిండా మూతులు కట్టిన కుండలు. ఒక్కో కుండలోనుంచి సన్నని వెలుగు అటూ ఇటూ కదులుతోంది, ఎవరినో వెతుకుతున్నట్టు.

నడుమ పులితోలు మీద ధూమకర్ణుడు కూర్చున్నాడు. అతనికి కనుగుడ్లు లేవు. గుంతలు మాత్రం ఉన్నాయి. ఒళ్ళో కుండ మూత తీశాడు.

"ఇది గద్ద చూపు. ఇప్పుడు కనపడ్డావు. రా చిత్రకారా! నీ కడుపులో పొగ నా గుహ దాకా వాసన కొట్టింది. ఎవరిని చూసి ఓర్వలేకున్నావు?"

"ఒక ఆడమనిషిని."

"అందమైనదా?"

"బొమ్మలేస్తుంది."

ధూమకర్ణుడు పకపక నవ్వాడు. కుండలన్నీ గలగలమన్నాయి. ఒక నత్తగుల్ల తీసి చేతిలో పెట్టాడు. దాని నిండా నల్లని కాటుక.

"ఓర్వలేని చెయ్యి దీనితో ఎవరి బొమ్మకి చూపు పెడితే వాళ్ళకి రంగులు పోతాయి. లోకం బూడిదలా కనపడుతుంది. అంతకన్నా ఏమీ కాదు. ఇక బొమ్మలెలా వేస్తుంది?"

"నీకేం లాభం?"

"పోయిన రంగులు నాకు మిగులుతాయి. గుడ్డివాణ్ణి, నాకా మాత్రం వద్దా? ఒక్కటి గుర్తుంచుకో. రెండు కళ్ళూ పెట్టు. సగంలో ఆపకు."

మాచన నత్తగుల్ల మొలలో దోపుకున్నాడు. మాంత్రికుడు చిటిక వేస్తే కాకులు తాడులా పేనుకుని అతన్ని ఎత్తి అవతలి ఒడ్డున పడేశాయి.

మర్నాటి మిట్టమధ్యాహ్నం రేవులోకి, వలలకు రంగు పట్టే చెట్టుబెరడు అమ్మేవాడొకడు వచ్చాడు. ముఖాన మసి, జనపనార గడ్డం, నెత్తిన గంప. "బెరడోయ్, వలల బెరడు!" అని అరుచుకుంటూ ఇళ్ళన్నీ తిరిగాడు. మగవాళ్ళు వేటకి పోయారు. నూకాలి పడవ కూడా రేవులో లేదు. మిగిలినవాళ్ళు నీడన కునుకు తీస్తున్నారు. బెరడువాడు గంప దించి తెరచాప ముందుకి వచ్చాడు.

అతను నూకాలి బొమ్మ కోసం వెతికాడు. ఎంతోసేపు వెతకాల్సిన పని పడలేదు. గంగాళం పక్కన, అందరికీ నడుమ, గరిటె పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మోకాళ్ళ పైకి కట్టిన నల్లంచు కోక. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమెకేసి చేతులు చాపుతున్నారు.

"తన బొమ్మ తనే నట్టనడుమ వేసుకుంది!" అనుకున్నాడు మాచన. పళ్ళు పటపటలాడించాడు.

ఉడుతవెంట్రుకల కుంచె తీశాడు. కాటుకలో ముంచాడు. కుడికన్నుకి పై గీత, కింది గీత. నడుమ చుక్క.

చూపు పడింది.

బొమ్మలోని నీళ్ళు కదిలాయి. మొదట ఒక చుక్క మాచన కాలిబొటనవేలి మీద పడింది. తరవాత ధార. తరవాత మొత్తం వెల్లేరు! తెరచాపలోనుంచి వరద హోరుమని విరుచుకుపడింది. ఏనుగులు ఘీంకరించాయి. ఒక తెగిన గొలుసు గాలిలో తిరిగి మాచన చెవిని గీరుకుంటూ పోయింది. గంప పోయింది, కుంచె పోయింది. జనం "వరదో! వరదో!" అని కప్పులెక్కారు. మాచనని నీళ్ళు ఇళ్ళ సందుల్లోంచి ఈడ్చుకుపోయి, ఆరేసిన వలలో చుట్టి, ఏటివైపు దొర్లించాయి. మునిగాడు. తేలాడు. మళ్ళీ మునిగాడు.

అప్పుడే నూకాలి పడవ రేవుకి వస్తోంది. ఆమె ఒడ్డుకి దూకి, కొయ్యకి కట్టిన తాడుని కత్తితో ఒక్క వేటు వేసింది. తెరచాప కుప్పకూలింది. నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆమె గెడ చాపి, వలలో చిక్కిన మనిషిని కొక్కెంతో గుంజి పడవలో పడేసింది.

"బాగా పడ్డావయ్యా, పెద్ద సేపే!" అంది. తరవాత గడ్డం పట్టుకుని లాగింది. అది చేతికొచ్చింది. "మాచనయ్యా! గడ్డం ఊడింది. మీసం సొంతానిదా, అదీ ఎట్టుడేనా?"

మాచన దగ్గుతూ ఆమె కళ్ళలోకి చూశాడు.

"నీకు రంగులు కనపడుతున్నాయా?"

"నాకెందుకు కనపడవు? నీ మొగాన మసి నలుపు, నీ సెవినుంచి కారేది ఎరుపు."

"నీ బొమ్మకే కదా చూపు పెట్టింది!"

నూకాలి నవ్వు ఆగిపోయింది. కూలిన గుడ్డని చేతులతో విప్పి, ఆ ఒక్క కన్నూ చూసింది.

"ఇందులో నేనెక్కడా లేనయ్యా" అంది. "ఏసేదాన్ని, నన్ను నేనెలా సూసుకుంటాను?"

"నల్లంచు కోక..."

"కోక సూసి పెట్టావా! ముక్కు సూళ్ళేదా? గడ్డం కింద ఆ పులిపిరి సూళ్ళేదా? అది మీ అమ్మ. అక్కమాంబమ్మగారు."

మాచన వంగి ఆ పులిపిరిని వేలితో తడిమాడు.

"ఆ రోజు తన పట్టుచీర సించి తాడు పేనింది. ఆ తాడు పట్టుకునే మా అయ్య పైకొచ్చాడు. ఒణికిపోతంటే మా అమ్మ కోక కట్టబెట్టాం. నీళ్ళు తీసేదాకా ఆ కోకతోనే గంజి పోసింది. నీకు సెప్పలేదా?"

చెప్పలేదు. వరదలో మాచన ఎత్తు బురుజులో పటాలు తడవకుండా కాపలా ఉన్నాడు. దిగి వచ్చాక, ఎలా బతికావమ్మా అని అతనూ అడగలేదు.

అతను కోటదాకా ఆగకుండా పరుగెత్తాడు.

దీపాలవేళ అయింది. అక్కమాంబ గుమ్మంలో కూర్చుని దీపం వెలిగిస్తోంది. నిప్పు వత్తికి కాక, వత్తి పక్కన గాలికి పెడుతోంది.

"వచ్చావురా? కాస్త ఈ దీపం అంటించు. మధ్యాహ్నం నుంచీ కుడివైపు లోకం ఆరిపోయింది."

పోయింది రంగులు కాదు. చూపే పోయింది. మాచన ఆమె కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పాడు. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది.

"ఎవరికి పెట్టాలనుకున్నావు?"

"నూకాలికి."

"నాకు తగిలిందని ఏడుస్తున్నావు. ఆ పిల్లకి తగిలుంటే ఈపాటికి అన్నం తిని పడుకునేవాడివి కదూ?"

మాచన నిప్పు అందుకుని వత్తి అంటించాడు.

"సరే, లే. ఒంటికన్ను పడిన బొమ్మని మర్నాడు ఎండ తాకేదాకా వదిలేస్తే రెండో చూపు కూడా వాడి కుండలోకే పోతుంది. మీ నాన్న ఒకసారి నోరు జారి చెప్పాడు. మంచి మసితో రెండో కన్ను పెట్టించు. పెడితే అది తన జోడు ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నీ చేతిలో ఆ మంట పోయిందా?"

మాచనకి తెరచాప గుర్తొచ్చింది. గంతులేసిన వంకరకాలు ముసలాయన గుర్తొచ్చాడు.

"పోలేదమ్మా."

"అయితే నువ్వు కుంచె ముట్టకు. ఓర్వలేని చెయ్యి పడితే ఆ నీళ్ళు మళ్ళీ లేస్తాయి."

"మన చిత్రకారుల వీధిలో ఇంకెవరినైనా..."

"మన వీధిలోనా? ఆ తెరచాప చూసి ఓర్చుకున్నవాడు ఒక్కడు చూపించు!"

నూకాలి తప్ప ఇంకెవరు మిగిలారు? మాచన అర్థం చేసుకున్నాడు. అర్థమయ్యాక అతని ముఖం ఇంకా నల్లబడింది.

మర్నాటి ఉదయం, ఇంకా ఎండ పొడవకముందే, మాచన తన తండ్రి వాడిన ఉడుతవెంట్రుకల కుంచె తీసుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని రేవుకి దిగాడు. తెరచాప పరిచి ఉన్న నూకాలి పడవ ఇద్దరూ ఎక్కారు. ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. తలుపులు మూసి చెప్పాల్సిన మాటని మాచన అందరి ముందూ చెప్పాడు.

"చూపు ముక్కువైపు నుంచి మొదలుపెట్టాలి. ఊపిరి బిగపట్టకు, వదులుతూ లాగు. చుక్క చివర్న. చుక్కలో ఆవగింజంత తెలుపు వదలాలి. అదే ప్రాణం."

"ఇంతేనా?" అంది నూకాలి. "దీనికా తలుపులు మూసుకుంటారు?"

"ముందు వెయ్యి" అన్నాడు మాచన.

ఆమె కుంచె మసిలో ముంచిందో లేదో, కాకిలంక వైపు ఆకాశం నల్లబడింది. వేలకొద్దీ కాకులు! అంబుల్లా దూసుకొచ్చి నూకాలి చేతి మీదికి దిగాయి. మాచన తెడ్డు అందుకున్నాడు. ఒక్క దూకు దూకి ఆమెకి అడ్డం నిలబడి గిరగిర తిప్పాడు. కాకులు రాలుతున్నాయి. రాలినవన్నీ మళ్ళీ లేస్తున్నాయి. ఒకటి అతని భుజం చీల్చింది. ఒకటి నెత్తిన పొడిచింది. నెత్తురు కళ్ళలోకి కారింది. ఏ చేతిని చూసి ఇన్నాళ్ళూ నిద్రపోలేదో, ఆ చేతి మీద ఒక్క గోరు పడనివ్వలేదు.

"అయిందా?" అని అరిచాడు.

"ఊపిరి వదులుతూ లాగమన్నావుగా! ఆగు!"

కొండ వెనక ఎరుపు అంటుకుంది. ఎండ ఏటి నీళ్ళ మీద పాకుతూ పడవ అంచు ఎక్కింది. నూకాలి చుక్క పెట్టింది. కుంచె ఎత్తింది.

కాకులు ఒక్కసారిగా చెదిరి వెనక్కి పోయాయి. అక్కమాంబ తన ఎడమకన్ను మీద చెయ్యి పెట్టుకుంది. "చల్లగా ఉంది" అంది.

మాచన నెత్తురు తుడుచుకుని వంగి చూశాడు. అమ్మే. అమ్మే అతనికేసి చూస్తోంది. తన జన్మలో అతను పెట్టిన ఏ చూపూ అలా లేదు. మొదటిసారికే! అతని కడుపులో నిప్పు మళ్ళీ భగ్గుమంది.

అంతలో ఆ ఎడమకన్ను మెల్లగా కదిలింది. మాచన మీదనుంచి తప్పుకుని, ఏటి మీదుగా పోయి, కాకిలంక మీద నిలిచిపోయింది.

"జోడు కనిపెట్టింది" అంది నూకాలి. గబగబా తాళ్ళు లాగింది. తెరచాప కొయ్యకి ఎక్కింది. అందులో నీళ్ళు ఈసారి కదల్లేదు, గాలి మాత్రం నిండింది. అక్కమాంబ కొడుకు భుజం తట్టి ఒడ్డుకి దిగింది.

"నా చూపు లేకుండా ఇంటికి రాకు" అంది.

పడవ కదిలింది. నూకాలి చుక్కాని పట్టుకుంది.

"తెడ్డెయ్యడం వచ్చా మాచనయ్యా?"

"రాదు."

"కుంచె లాగే. ఊపిరి బిగపట్టకు, వదులుతూ లాగు."

ఒడ్డున జనం నవ్వారు. ఆ మాట కూడా తన నోట్లో కంటే ఆమె నోట్లోనే బాగుంది. మాచనకి ఒళ్ళు మండిపోయింది.

ఎదురుగా సుడిగుండం నోరు తెరుస్తోంది. అతను తెడ్డు నీళ్ళలో దించి, ఊపిరి వదులుతూ లాగాడు.